నా 3.3 వోల్టుల బోర్డులో ఆరు 100 నానోఫారాడ్ కెపాసిటర్లు ఉన్నాయి. అయినా వైఫై పంపేటప్పుడు బోర్డు రీసెట్ అవుతోంది, ఇంకో 100 నానోఫారాడ్ పెడితే సరిపోతుందా?

సరిపోకపోవచ్చు. మీ 3.3 వోల్టుల బోర్డులో ఆరు 100 నానోఫారాడ్ కెపాసిటర్లు ఉన్నాయన్నారు. ఆరూ కలిపితే 0.6 మైక్రోఫారాడ్. వైఫై మాడ్యూల్ ఒక్కసారిగా 300 మిల్లీఆంపియర్లు లాగిందనుకోండి, రెగ్యులేటర్ (వోల్టేజ్ నిలకడగా ఉంచే చిప్) తేరుకునేలోపు వోల్టేజ్ మైక్రోసెకనుకు అర వోల్టు చొప్పున పడిపోతుంది. ఏడోది పెట్టినా పెద్ద తేడా రాదు.

ఇలాంటి బోర్డే ఒకటి నా దగ్గరికి వచ్చింది. ముందు ఆసిల్లోస్కోప్ (వోల్టేజ్ మార్పులను గ్రాఫ్‌లా చూపే పరికరం) పెట్టి చూశాను. ప్రోబ్‌కి వేలాడే పొడవాటి గ్రౌండ్ వైరుతో మాత్రం కొలవకండి, లేని నాయిస్ కూడా కనిపిస్తుంది. ప్రోబ్ కొనకు తగిలించే చిన్న స్ప్రింగ్ వాడాలి. మాడ్యూల్ పంపడం మొదలుపెట్టగానే వోల్టేజ్ పదుల మైక్రోసెకన్ల పాటు కిందికి జారుతోంది. అంటే కెపాసిటర్లలో చార్జి నిల్వ చాలడం లేదు. నానోసెకన్ల సూదుల్లాంటి స్పైకులే ఉంటే తప్పు కెపాసిటర్‌కీ చిప్‌కీ మధ్య దూరానిది అనుకునేవాణ్ణి.

దూరం సంగతి కూడా చిన్నది కాదు. సన్నటి ట్రాక్‌కి మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంట్ వేగంగా మారకుండా అడ్డుకునే గుణం) ఉంటుంది. మొత్తం 1 నానోహెన్రీ ఉన్నప్పుడు 100 నానోఫారాడ్ దాదాపు 16 మెగాహెర్ట్జ్ దాకా కెపాసిటర్‌లా నడుస్తుంది. అది 10 నానోహెన్రీ అయితే 5 దగ్గరే చేతులెత్తేస్తుంది. అందుకే కెపాసిటర్ పవర్ పిన్‌ని ఆనుకుని ఉండాలి, గ్రౌండ్ వయా (బోర్డు పొరలను కలిపే చిన్న రంధ్రం) ప్యాడ్ పక్కనే పడాలి. చూడముచ్చటగా వరసలో పేర్చిన కెపాసిటర్లను చూస్తే నాకు అనుమానమే.

ఆ బోర్డులో నిల్వకోసం 10 మైక్రోఫారాడ్ ఒకటి ఉంది, కానీ చిన్న 0402 సైజు, 6.3 వోల్టుల ఎక్స్5ఆర్ అనే సిరామిక్ రకం. ఇలాంటి సిరామిక్ మీద డీసీ వోల్టేజ్ పడితే దాని విలువ తగ్గుతుంది, 3.3 వోల్టుల దగ్గరే సగానికి పడిపోవచ్చు. మల్టీమీటర్ ఇది పట్టుకోదు, డేటాషీట్‌లో డీసీ బయాస్ గ్రాఫ్ చూడాల్సిందే. మాడ్యూల్ పవర్ పిన్ దగ్గర 0805 సైజు, 10 వోల్టుల 22 మైక్రోఫారాడ్‌లు రెండు పెట్టాక రీసెట్లు ఆగాయి.

మీరూ అదే చేయండి, కానీ ముందు రెగ్యులేటర్ డేటాషీట్ చదవండి. 1117 లాంటి పాత రకాల్లో కొన్నింటికి అవుట్‌పుట్ కెపాసిటర్‌లో కొంత ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) ఉండాలి. అన్నీ సిరామిక్‌లే పెడితే ఆ రెగ్యులేటర్లు ఆసిలేట్ అవ్వచ్చు, అంటే వోల్టేజ్ నిలవకుండా ఊగొచ్చు, అప్పుడు రీసెట్లకు తోడు కొత్త తలనొప్పి.