ముందు చెవులు చూపించు

చిట్టీ,

రాత్రి పదకొండింటికి మీ అమ్మ ఫోన్ చేసింది. "విన్నావా అక్కా, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లని దత్తత తీసుకుంటారట" అంది. నీకు నచ్చజెప్పమని నన్ను పురమాయించడానికే చేసిందిలే. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. సంతోషంతోనో భయంతోనో నాకే తెలియలేదు. వద్దని మాత్రం చెప్పను. అదే డౌన్ సిండ్రోమ్ ఉన్న నా చంటిగాణ్ణి ముప్పయ్యేళ్లు పెంచినదాన్ని, ఏ నోటితో వద్దంటాను? మీ ఇద్దరూ కలిసి కూర్చుని ఇది చదవండి.

పాప ఫైల్లో గుండె ఎకో రిపోర్టు, అదే గుండె స్కాన్, ఉందో లేదో మొదట చూడు. "స్టెతస్కోపు పెట్టి చూశాం, శబ్దమేమీ లేదు" అంటే ఒప్పుకోకు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. పైకి ఏ శబ్దమూ లేకుండానే పెద్ద కన్నం ఉండొచ్చు. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగిపోయి ఆపరేషన్‌కే వీల్లేకుండా పోతుంది. థైరాయిడ్ రక్తపరీక్ష ఏటా చేయించాలి. కళ్ల డాక్టరుకి చూపించాలి. ఎదుగుదల సంగతి డౌన్ పిల్లల చార్టులోనే చూడమను, పక్కింటి పిల్లతో పోల్చకు. ఇవన్నీ నువ్వు చేస్తావు, నాకు తెలుసు.

కన్నతల్లి ఏదో తప్పు చేసి ఉంటుందని ఎవరైనా అంటే అక్కడే ఆపెయ్. 21వ క్రోమోజోములు రెండు ఉండాల్సిన చోట మూడున్నాయి. అది ఎవరూ చేసింది కాదు.

ఇక చెవులు. నిజానికి ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది ఇందుకే.

అప్పటికి చంటిగాడికి మూడేళ్లు దాటాయి. ఎదురుగా కూర్చుంటే నవ్వేవాడు, చెప్పింది చేసేవాడు. వెనక నుంచి పిలిస్తే గోడకి చెప్పినట్టే. డాక్టరుని అడిగితే "ఈ పిల్లలు ఇంతేనమ్మా, అన్నీ ఆలస్యమే" అన్నాడు. నేనూ ఆ మాటే పట్టుకున్నాను. మొండివాడని పేరు కూడా పెట్టాను. ఒకరోజు నేను పక్క గదిలో ఉండగా వేడి ఇస్త్రీపెట్టె వైపు చెయ్యి చాపాడు. వద్దురా, వద్దురా అన్నాను. వినలేదు. పరుగెత్తుకెళ్లి చేతి మీద కొట్టాను. వాడు ఏడవలేదు. ఎందుకు కొట్టానా అని నా మొహంలో వెతికాడు.

ఆ తర్వాత ఇంకో ఏడాది అలాగే గడిచింది చిట్టీ. ఒక ఏడాది!

చివరికి పట్టుకున్నది స్పీచ్ థెరపీకి వచ్చిన అమ్మాయి. నీ వయసే ఉంటుంది. నోటికి ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో "బంతి ఏదీ?" అంది. వాడు అట్టముక్కనే చూస్తూ కూర్చున్నాడు. అట్ట తీసి మళ్లీ అడిగింది. లేచి వెళ్లి బంతి తెచ్చాడు. అన్నాళ్లూ వాడు మా పెదాలు చూసి నెట్టుకొచ్చాడన్నమాట.

కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు చేరిందట. ఈ పిల్లల చెవి కాలువలు సన్నగా ఉంటాయి, గులిమి అడ్డం పడుతుంది, పైపైన లైటు వేసి చూస్తే ఏమీ తెలియదు. చిన్న ఆపరేషన్ చేసి గొట్టాలు పెట్టారు. ఇంటికొచ్చిన రోజు కుళాయి తిప్పితే ఉలిక్కిపడి పరుగెత్తుకొచ్చాడు. కట్టేశాడు. తిప్పాడు. మళ్లీ కట్టేశాడు. బకెట్టు నిండిపోతున్నా నేను ఆపలేదు, గట్టు మీద కూర్చుండిపోయాను.

అందుకే పాప బాగానే వింటోందనిపించినా ఆరు నెలలకోసారి వినికిడి పరీక్ష చేయించు. ఆ నీరు వస్తూ పోతూ ఉంటుంది, ఒకసారి బాగుంది కదా అని వదిలెయ్యడానికి లేదు. ఎప్పుడైనా మత్తుమందు ఇవ్వాల్సి వస్తే మెడ జాగ్రత్త అని ముందే చెప్పు. మెడ ఎముకల మధ్య పట్టు వీళ్లకి వదులుగా ఉండొచ్చు. నడక మారినా, మెడ వాల్చేస్తున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా ఆ రోజే తీసుకెళ్లు. గురక పెట్టినా పెట్టకపోయినా నాలుగేళ్లలోపు నిద్ర పరీక్ష అడుగు. చంటిగాడు ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాడు, అది కూడా "ఇంతే"లో కలిపేశాను. ఇప్పటికీ రాత్రి లేచి వాడి గుండె మీద చెయ్యి వేసి చూస్తాను. వాడు విసుక్కుంటాడు.

ఉద్యోగం మానేస్తానన్నావట. మానకు. నేను మానేసి, వాడి ప్రతి ముద్దా లెక్కపెట్టి వాణ్ణీ నన్నూ వేపుకు తిన్నాను. అయినా చిన్నప్పుడు జ్వరమొచ్చినా చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నదానివి నువ్వు! ఈసారి అలా కుదరదు. అలిసిపోతే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

ఇంకో మాట, మీ అమ్మకి చెప్పకు. ఇప్పుడు వీళ్లు 60 ఏళ్ల వరకూ బతుకుతున్నారు. మంచిదే. నాకేమో 68 వచ్చాయి. నీ దత్తత సంగతి విన్నప్పుడు నా మనసులోకి మొదట పాప రాలేదు, చంటిగాడే వచ్చాడు. స్వార్థమే, తిట్టుకో.

పాప వస్తోందని వాడికి చెప్పాను. పేరేంటని అడిగాడు. తెలీదన్నాను. పొద్దున్నుంచి మూడుసార్లు అడిగాడు. ముందు వాడికి ఫోన్ చేసి ఆ పేరు చెప్పు.

మీ పెద్దమ్మ