గసగసాలు ఇంట్లోనే వదిలి వెళ్ళు బిడ్డా

బిడ్డా,

సంక్రాంతి అయ్యాక డాలస్‌కి నేరుగా వెళ్ళకుండా దారిలో ఒక వారం సౌదీ చూసి వెళ్తామని నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు ముందు నాకు నవ్వొచ్చింది. 1989 నుంచి 2011 దాకా దమ్మాంలో కరెంటు పని చేసినవాణ్ణి. మా కాలంలో సౌదీకి పనికి వెళ్ళాలి, లేదంటే హజ్‌కో ఉమ్రాకో వెళ్ళాలి. చూడ్డానికి వెళ్ళడం అన్న మాటే లేదు. 2019 సెప్టెంబర్‌లో టూరిస్ట్ వీసాలు మొదలుపెట్టారు. గ్రీన్‌కార్డులు ఉన్నాయి కాబట్టి మీ ఇద్దరికీ ఆన్‌లైన్‌లోనే వచ్చేసిందన్నావు. ఆ ముద్ర కోసం బొంబాయిలో ఏజెంట్ ఆఫీసు మెట్ల మీద వారం రోజులు పడుకున్నాను నేను. సరే, ఆ కథ వేరు.

నువ్వడిగింది "పెద్దబాపూ, బురఖా వేసుకోవాలా?" అని. అక్కర్లేదు. కానీ నాకు టెన్షన్ బురఖా గురించి కాదు. ఆడవాళ్ళు 2018 నుంచి కార్లు నడుపుతున్నారు, సినిమా హాళ్ళు తెరిచారు, పెద్ద పెద్ద పాటల కచేరీలు జరుగుతున్నాయి. సడలిపోయిన ఇలాంటి వాటి గురించి అందరూ చెబుతారు. సడలని వాటి గురించి చెప్పేవాళ్ళు తక్కువ. అవన్నీ మన సూట్‌కేసులోనో ఫోన్లోనో ఉంటాయి.

ముందు సూట్‌కేసు సంగతి. మీ అమ్మ నాకు తెలియదా? కోడికూర మసాలా ఒక డబ్బా, మటన్ మసాలా ఒక డబ్బా కట్టి ఇస్తుంది. వాటిలో గసగసాలు వేస్తుంది. మనకవి వంటింటి దినుసు. అక్కడ నల్లమందు మొక్క గింజలు, పూర్తిగా నిషేధం. దుబాయ్‌లోనూ, ఖతర్‌లోనూ అంతే. పొడి కొట్టాను కదా, కనిపించవులే అనుకోవద్దు. "మేం డాలస్ వెళ్తున్నాం, దారిలో ఆగాం అంతే" అన్నా పనికిరాదు. రియాద్‌లో సామాను చేతికొచ్చాక అది రియాద్‌లోకి తెచ్చినట్టే. సకినాలు ఎన్నైనా తీసుకెళ్ళు, మామిడికాయ తొక్కు తీసుకెళ్ళు. అరిసెల మీద మాత్రం గసగసాలు వద్దు, నువ్వులే అద్దమని మీ అమ్మకు ఇప్పుడే చెప్పు.

తర్వాత మందులు. అల్లుడికి నడుము నొప్పి ఉందని విన్నాను. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, నిద్ర మాత్రలు, వీటన్నిటి మీదా అక్కడ గట్టి అదుపు ఉంటుంది. తప్పనిసరైతే సౌదీ ఆహార, ఔషధాల సంస్థ దగ్గర ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. డాక్టర్ చీటీ చేతిసంచిలో ఉండాలి, మాత్రలు వాటి అసలు పెట్టెలోనే ఉండాలి. అన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసుకోవడం మన ఇంట్లో అందరికీ అలవాటు, అది ఈసారి మానండి. మత్తుమందుల రవాణాకు ఆ దేశంలో మరణశిక్ష ఉంది. మధ్యలో కొంతకాలం అమలు ఆపి, 2022 నవంబర్‌లో మళ్ళీ మొదలుపెట్టారు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం పార్సిల్. మీరు సౌదీ వెళ్తున్నారని వాడకట్టులో తెలిసిందంటే సాయంత్రానికి నలుగురు వస్తారు. "మా వాడు రియాద్‌లోనే ఉన్నాడు బిడ్డా, కొంచెం పచ్చడి, రెండు లుంగీలు" అంటారు. కాదనడానికి నోరు రాదు, నాకు తెలుసు. మా క్యాంపులో ఒక పిల్లవాడు ఉండేవాడు, మన జిల్లా వాడే. సెలవు నుంచి తిరిగొస్తూ పక్కింటివాళ్ళు ఇచ్చిన పచ్చడి ప్యాకెట్ తెచ్చాడు. లోపల మాత్రలు ఉన్నాయి. అవేమిటో, ఎవరికోసమో వాడికి నిజంగా తెలియదు. బయటికి రావడానికి ఏడాది పట్టింది. నాకు కొంచెం అరబ్బీ వచ్చని తోడు తీసుకెళ్ళారు. వాడు చెప్పిన నిజం నా నోటితో ఎన్నిసార్లు చెప్పినా అవతలి ఆఫీసర్ ఒకటే అడిగాడు, "సంచి ఎవరిది?" అని. కాబట్టి ఎవరొచ్చినా నా పేరు చెప్పు. "పెద్దబాపు ఒట్టు పెట్టించుకున్నాడు" అను. చెడ్డపేరు నాకే రానీ.

డ్యూటీ ఫ్రీలో సీసా కొనొద్దని అల్లుడికి చెప్పు. ఆ దేశంలో 1952 నుంచి మద్యం నిషేధం. రియాద్‌లో రాయబారుల కోసం 2024లో ఒక దుకాణం తెరిచారని పేపర్లో చదివే ఉంటాడు. దాంతో మనకు సంబంధం లేదు. అక్కడ దొంగచాటుగా కాచే సారాను 'సదీకీ' అంటారు, అంటే 'నా స్నేహితుడు' అని. ఎవరైనా ఆ స్నేహితుణ్ణి పరిచయం చేస్తానంటే లేచి వచ్చేయండి.

దేవుడి గురించి కూడా అడిగావు. పర్సులో వేంకటేశ్వరస్వామి చిన్న ఫోటో ఉంటే ఉండనీ. మా గదిలో బీరువా తలుపు లోపలివైపు అంటించుకునేవాళ్ళం. విగ్రహాలు, హారతి సామాను, ఎవరికైనా పంచిపెట్టే పుస్తకాలు మాత్రం వద్దు. వేరే మతం పూజ నలుగురిలో చేయడం అక్కడ కుదరదు.

బట్టలకు వస్తే, నీ పంజాబీ డ్రెస్, చున్నీ చాలు. అబాయా, అంటే బట్టల మీద వేసుకునే పొడుగు వదులు అంగీ, తప్పనిసరి కాదు, తల కప్పుకోవడం కూడా కాదు. భుజాలు, మోకాళ్ళు కనిపించకూడదు, ఒంటికి అతుక్కునేలా ఉండకూడదు. చీర కట్టుకుంటే నడుము మీదుగా శాలువా వేసుకో, జనవరిలో రాత్రిళ్ళు చలికి ఎలాగూ కావాలి. మసీదు చూడ్డానికి వెళ్తే మాత్రం తల కప్పుకో. జెద్దాలో సముద్రం ఒడ్డున అర్‌రహ్మా మసీదుకు మనలాంటివాళ్ళు కూడా వెళ్తారు. నిజానికి నాకు నీకంటే అల్లుడి నిక్కర్ల గురించే బెంగ. డాలస్‌లో నిక్కరుతో కూరగాయలకు వెళ్ళినట్టు అక్కడ వెళ్ళకూడదు. ప్యాంటు వేసుకోమను.

పబ్లిక్‌లో ఎలా మెలగాలో 2019లో ఒక నియమావళి తెచ్చారు. జరిమానా 50 రియాళ్ళ నుంచి 6,000 దాకా ఉంటుంది. డాలర్‌కి 3.75 రియాళ్ళు లెక్కన ఆ పైది 1,600 డాలర్లు. చెత్త వేయడం, ఉమ్మడం, క్యూ తప్పడం, నమాజు వేళ పాటలు పెట్టడం, పద్ధతిగా లేని బట్టలు, అందరి ముందూ ముద్దులు, అన్నీ అందులోకే వస్తాయి. చేయి పట్టుకుని నడిస్తే ఎవరూ ఏమీ అనరు. అంతకు మించింది గదిలోనే. హోటల్లో పెళ్ళి సర్టిఫికెట్ అడుగుతారేమోనని భయపడకు, బయటి దేశాలవాళ్ళను అడగడం మానేశారు.

మా రోజుల్లో ముతవ్వాలు, అంటే మతపోలీసులు, చేతికర్రతో దుకాణాల మీద కొడుతూ "సలా, సలా" (నమాజు, నమాజు) అని అరుస్తూ తిరిగేవాళ్ళు. డబ్బులిచ్చి చిల్లర తీసుకునేలోపు షట్టర్ దించేసేవాళ్ళు, మనం లోపలో బయటో ఇరుక్కుపోయేవాళ్ళం. 2016లో వాళ్ళ అరెస్టు అధికారం తీసేశారు. నమాజు వేళ దుకాణాలు తెరిచి ఉంచుకోవచ్చని 2021లో చెప్పారు. అయినా చాలా చోట్ల ఇప్పటికీ అరగంట మూస్తారు. అప్పుడు తలుపు కొట్టి తొందరపెట్టకుండా నీడన కూర్చోండి. వారాంతం శుక్ర, శనివారాలు. శుక్రవారం పొద్దున ఊరంతా నిద్రపోతున్నట్టే ఉంటుంది, మధ్యాహ్నం నమాజు తర్వాత బయల్దేరండి. ఈసారి రంజాన్ మీ ప్రయాణానికి తర్వాతే వస్తుంది కాబట్టి దాని గురించి రాయను.

ఇక ఫోన్. నువ్వు రీల్స్ చేస్తావని మీ చెల్లి చెప్పింది. ఇక్కడ నా అనుభవం ఒకటి విను. 1994లో దమ్మాం కోర్నిష్‌లో, సముద్రం ఒడ్డున, కొత్త కెమెరాతో మా దోస్తుని ఫోటో తీశాను. వెనకాల ఒక కుటుంబం చాప పరుచుకుని కూర్చుంది. నేను చూడనే లేదు. ఆ ఇంటాయన లేచి వచ్చాడు. అరవలేదు, చేయి చాపాడు అంతే. కెమెరా ఇచ్చాను. రీలు మొత్తం లాగి ఎండలో పెట్టి తిరిగి ఇచ్చాడు. దానిమీద మీ అన్నయ్య పుట్టినప్పటి ఫోటోలు కూడా పోయాయి. ఇప్పుడైతే దానికి చట్టమే ఉంది. ఫోన్ కెమెరాతో ఇతరుల గోప్యతకు భంగం కలిగిస్తే 2007 నాటి సైబర్ చట్టం కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల రియాళ్ళ దాకా జరిమానా. అబాయాల్లో ఆడవాళ్ళు నడిచి వస్తుంటే ఎంత అందంగా ఉన్నా ఫోన్ దించు. సైన్యం, చెక్‌పోస్టులు, రాజభవనాలు, ప్రభుత్వ ఆఫీసులు, చమురు గొట్టాలు, వీటి వైపు అసలు తిప్పకు. అల్లుడి డ్రోన్ ఇక్కడే వదిలేయండి.

రాతల సంగతి ఇంకా గట్టిది. మతాన్నో, ప్రభుత్వాన్నో ఏదైనా అంటే అదే చట్టం కింద 5 ఏళ్ళ దాకా జైలు, 30 లక్షల రియాళ్ళ దాకా జరిమానా పడొచ్చు. "అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళను ఏం చేస్తారు?" అని అల్లుడు అనొచ్చు. సౌదీ మూలాలున్న ఒక అమెరికా పౌరుణ్ణి, ఫ్లోరిడాలో కూర్చుని పెట్టిన ట్వీట్లకే 2021లో రియాద్‌లో దిగగానే పట్టుకున్నారు, 16 ఏళ్ళ శిక్ష వేశారు. మీకసలు ఆ పాస్‌పోర్టే లేదు.

జెద్దా నుంచి తాయిఫ్ కొండల మీదికి కారు అద్దెకు తీసుకుని వెళ్తామన్నారట. వెళ్ళండి, మంచి దారి. కానీ మక్కాలోకి ముస్లింలు తప్ప ఎవరూ వెళ్ళకూడదు. మ్యాప్ దగ్గరి దారి అని మక్కా మీదుగానే చూపించొచ్చు. ముస్లింలకు మాత్రమే అని రోడ్డు మీద పెద్ద బోర్డు వస్తుంది, అక్కడ ఇతరులకు పక్కదారి ఉంటుంది. ఆ మలుపు దాటిపోతే పొరపాటైందని చెప్పుకోవాల్సి వస్తుంది. నువ్వు పక్కన కూర్చుని బోర్డులు చూడు, మాటల్లో పడకు. మదీనా ఊళ్ళోకి ఇప్పుడు వెళ్ళనిస్తున్నారు గానీ ప్రవక్త మసీదు ఆవరణ మనకు కాదు.

ఇదంతా చదివి ఇంత భయం ఉంటే ఎందుకు వెళ్ళాలి అనుకోకు. మనుషులు మంచివాళ్ళు. ఎవరైనా ఇంటికి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. ముందు గహ్వా ఇస్తారు, యాలకుల కాఫీ, చిన్న చిన్న పిడి లేని కప్పుల్లో. పక్కన ఖర్జూరం. కుడిచేత్తోనే తీసుకోవాలి. తాగేశాక కప్పు ఊరికే చాపితే మళ్ళీ పోస్తారు, మళ్ళీ పోస్తారు. చాలు అనడానికి కప్పును వేళ్ళతో అటూ ఇటూ కాస్త ఊపాలి. ఇది తెలియక మొదటిసారి ఏడు కప్పులు తాగి రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఒకే పెద్ద పళ్ళెంలో కబ్సా, అంటే మాంసంతో వండిన అన్నం, వస్తుంది. హైదరాబాద్ బార్కస్‌లో మందీ తిన్నావు కదా, దానికి దగ్గరి చుట్టమే. నీ ముందు ఉన్నంత మేరే తిను.

మగవాడు నీకు చేయి ఇవ్వకపోతే చిన్నబుచ్చుకోకు, అది మర్యాదే. వాళ్ళ ఆడవాళ్ళకు అల్లుడు తానుగా చేయి చాపకూడదు. "మీ ఆవిడ ఎలా ఉన్నారు?" అని అడక్కూడదు, "ఇంట్లో అందరూ బాగున్నారా?" అనాలి. పాదాల అడుగు ఎదుటివాళ్ళకు చూపిస్తూ కాలు మీద కాలు వేసుకోకూడదు. పిల్లల్ని మెచ్చుకుంటే "మాషా అల్లా" అని కలుపు, మనం దిష్టి తగలకూడదు అనుకుంటామే, అలాంటిదే. వస్తువులను మరీ మెచ్చుకోకు. మా ఇంజనీర్ దగ్గర పెన్ను బాగుందని ఒకసారి అన్నాను. వద్దన్నా వినకుండా నా జేబులో పెట్టాడు. వారం రోజులు ఆయన ఎదుట పడలేకపోయాను.

రియాద్, జెద్దా వైపు పోలీసు 911, అది లేని చోట్ల 999, అంబులెన్స్ 997, ఇద్దరి ఫోన్లలోనూ రాసుకోండి. భారత రాయబార కార్యాలయం రియాద్‌లో, కాన్సులేట్ జెద్దాలో ఉన్నాయి. దుకాణాల్లో హైదరాబాద్ ఉర్దూతో నెట్టుకురావచ్చు. పెట్రోల్ బంకులోనో హోటల్లోనో మన కరీంనగర్, నిజామాబాద్ పిల్లలు కనిపించొచ్చు. ముఖం చూస్తే నీకే తెలుస్తుంది. తెలుగులో ఒక మాట మాట్లాడు.

అల్ ఉలా దగ్గర హెగ్రాలో కొండరాళ్ళను తొలిచిన 111 సమాధులు ఉన్నాయి, రెండు వేల ఏళ్ళ నాటివి. ఆ దేశంలో యునెస్కో జాబితాకెక్కిన మొదటి చోటు అదే, 2008లో. గుర్తుగా అనుకుని అక్కడి రాయి ఒక్కటి కూడా జేబులో వేసుకోవద్దు. ఇరవై రెండేళ్ళు ఆ దేశంలో ఉండి నేనది చూడలేదు. వారానికి ఒక్క శుక్రవారం సెలవు, దమ్మాం నుంచి వెయ్యి కిలోమీటర్ల పైమాటే, ఊరు దాటాలంటే కఫీల్, అంటే మనల్ని పనికి రప్పించుకున్న యజమాని, సంతకం చేసిన కాగితం కావాలి. సాయంత్రం ఎండలో ఆ కొండలు ఎర్రగా ఉంటాయట. ఫోటోలు నాకు పంపు. మీ పెద్దమ్మకు పెద్దగా చేసి చూపించాలి, పెద్ద సైజులో పంపు.

మీ పెద్దబాపు
జగిత్యాల