సెలెస్ట్‌లో ఇరుక్కున్నవాడికి బాబాయి ఉత్తరం

ఒరేయ్ చిన్నోడా,

సెలెస్ట్ వీడియో గేమ్ మూడో చాప్టర్‌లో ఒకే గదిలో 140 సార్లు చచ్చానని, ఈ ఆటకి నేనంటే కక్ష అని రాశావు. కక్ష కాదురా. సెలెస్ట్ నీకు తెలియకుండా నీవైపే మొగ్గుతుంది. ఎక్కడ, ఎంత మొగ్గుతుందో తెలిస్తే చావులు సగానికి పడిపోతాయి.

అంచు దాటి కాలు గాల్లోకి వెళ్ళాక కూడా సెకనులో పదో వంతు సేపు జంప్ పనిచేస్తుంది. నేల తాకడానికి రెప్పపాటు ముందే నొక్కేసినా, తాకగానే ఎగురుతుంది. ఎగిరినప్పుడు తల బ్లాకు మూలకి 4 పిక్సెళ్ళ లోపు తగిలితే ఆటే పక్కకి జరిపి వదిలేస్తుంది. జంప్ బటన్ పట్టుకునే ఉంచితే, ఎగిరిన ఎత్తు చివర్లో బరువు సగమై గాల్లో కాస్త ఎక్కువసేపు ఉంటావు. నువ్వు టక్కున నొక్కి వదిలేస్తున్నావేమో చూసుకో. ముళ్ళది ఇంకో విడ్డూరం: పైకి చూసే ముళ్ళు నువ్వు పైకి పోనప్పుడే చంపుతాయి. పైకి పోతూ వాటిలోంచి దూసుకెళ్తే ఏమీ అనవు.

ఇక చేతి సంగతి. డాష్, అంటే ఒక్క ఊపున దూసుకెళ్ళడం, ఎనిమిది దిక్కులకే వెళ్తుంది. అనలాగ్ స్టిక్‌తో ఏటవాలు నొక్కాననుకుంటావు, అది నిట్టనిలువుగా పోతుంది. మొదటి చాప్టర్‌లో ముళ్ళు లేనిచోట నిలబడి కుడి-పై మూలకి 20 డాష్‌లు వెయ్యి. రెండు మూడు తప్పినా డీ-ప్యాడ్‌కి, అంటే కంట్రోలర్ మీది ప్లస్ ఆకారపు బటన్‌కి, మారిపో. కీబోర్డు అయితే బాణం గుర్తులు, సీ జంప్, ఎక్స్ డాష్, జెడ్ పట్టు (గోడని పట్టుకోవడానికి). పట్టు బటన్ గంటలకొద్దీ నొక్కి వేలు లాగేస్తుంటే, కొత్త వెర్షన్ సెట్టింగ్స్‌లో ఒకసారి నొక్కితే పట్టుకునే ఉండే పద్ధతి ఉంది, పెట్టుకో.

పట్టుకి లెక్క ఉంది. ఓపిక మొత్తం 110. గోడకి ఊరికే వేలాడితే సెకనుకి 10 పోతుంది. పైకి పాకితే సెకనుకి 45 పైనే, అంటే రెండున్నర సెకన్లలో ఖాళీ. పట్టుకుని నిలువుగా ఎగిరితే ఒక్కోదానికి 27.5, నాలుగుసార్లకి అయిపోయింది. కానీ గోడని తన్ని అవతలి వైపుకి దూకితే ఒక్క చుక్క కూడా ఖర్చు కాదు. ఎదురెదురు గోడలుంటే పాకడం మానేసి తన్నుకుంటూ పో. నువ్వు ఆడించే అమ్మాయి మేడలిన్ ఎర్రగా మెరవడం మొదలైతే ఓపిక అడుగంటినట్టు.

బొమ్మలు చుక్కలు చుక్కలుగా ఉన్నాయని నువ్వు విసుక్కున్నావు గానీ, ఆ పిక్సెళ్ళే నీకు సాయం. నువ్వు ఆడే గదులు 320×180 చుక్కల్లో గీశారు, ఫుల్ హెచ్‌డీ టీవీ మీద ఒక్కో చుక్క 6×6 అవుతుంది. కాలు ఎక్కడ ఆగిందో అనుమానం ఉండదు. జుట్టు ఎర్రగా ఉంటే డాష్ ఉంది, నీలమైతే వాడేశావు. మూలన మీటర్లు చూసే పనే లేదు. అయితే ఐదో చాప్టర్‌లో ఈ గుణమే చెడింది. చీకటి, తాళంచెవుల వెతుకులాట, దారి చూపే మ్యాప్ లేకపోవడం, అన్నీ కలిసి వచ్చిన గదికే మళ్ళీ వస్తావు. అక్కడ తప్పు నీది కాదు.

మొదటి చాప్టర్‌లో ట్రాఫిక్ లైటు ఉన్న బ్లాకు గుర్తుందా? ఎక్కగానే ఒక్క క్షణం వణికి, వేగం పుంజుకుని చివర్న ఢీకొని ఆగుతుంది. అందరూ అది ఆగాక తీరిగ్గా దూకుతారు, అందుకే గోతిలో పడతారు. ఢీకొనే ముందు దూకు, దాని వేగం నీకొస్తుంది. ఆగాక రెప్పపాటు సేపు కూడా ఆ వేగం నిలవ ఉంటుంది, ఆపైన పోతుంది.

నీ మూడో చాప్టర్‌కి వద్దాం. ఆ కళ్ళున్న దుమ్ము ముద్దలు నువ్వు చచ్చి లేచిన ప్రతిసారీ అదే చోట మొదలవుతాయి. కాబట్టి లేవగానే పరిగెత్తు, లేదా ఒక చుట్టు చూసి పరిగెత్తు. రెండూ కలిపితే లయ దొరకదు. హోటల్ దెయ్యం ఓషిరో వెంటపడే చోట, వాడు నీ ఎత్తుకి సరిపెట్టుకున్నాకే దూసుకొస్తాడు. ఆ క్షణంలో ఎత్తు మార్చు. నెత్తి మీద దూకావంటే నీకే ఇంకో ఎగురు దొరుకుతుంది. నాలుగో చాప్టర్ గాలిలో వచ్చే మంచు ముద్దల మీద కూడా ఇలాగే దూకొచ్చు.

ఒకే గదిలో అరగంట దాటితే అసిస్ట్ మోడ్, అంటే ఆటని సులువు చేసుకునే సెట్టింగ్, తెరువు. సేవ్ ఫైల్ ఎంచుకునే చోట ఉంటుంది. వేగం 80 శాతం పెట్టి ఆ గది ఐదుసార్లు దాటు, వేళ్ళకి వరస అలవాటయ్యాక 100కి తిరిగి రా. నామోషీ ఏం లేదు, ఆట చేసినవాళ్ళే పెట్టారు. అంతులేని ఓపిక, చావు లేకపోవడం మాత్రం ముట్టుకోకు, వాటితో చెయ్యి నేర్చుకునేది ఏమీ ఉండదు.

స్ట్రాబెర్రీలు 175 ఉన్నాయి, కథ ముగించడానికి ఒక్కటీ అక్కర్లేదు. తాకాక గట్టి నేల మీద దిగితేనే నీది, మధ్యలో పోతే తిరిగి దాని చోటుకే పోతుంది. రెక్కలున్నది నువ్వు డాష్ వేస్తే ఎగిరిపోతుంది, నడక, జంపులతోనే దాన్ని చేరాలి. చాప్టర్ మొదట్లో కనిపించే బంగారు పండు జోలికి ఇప్పుడే పోకు. అది పట్టుకున్నాక ఒక్కసారి చచ్చినా చాప్టర్ మొదటికి వస్తావు.

నాకు ఒకటే ఫిర్యాదు. వేవ్‌డాష్ అనే పద్ధతి మొదటి చాప్టర్ నుంచే పనిచేస్తుంది, కానీ దాన్ని విడమరిచి నేర్పేది చిట్టచివరి ఫేర్‌వెల్ చాప్టర్‌లో! నువ్వు ఇవాళే నేర్చుకో: చిన్నగా ఎగురు, గాల్లోంచి కింది మూలకి డాష్ వెయ్యి, కాలు నేల తాకగానే జంప్ నొక్కు. రివ్వున పోతావు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
బాబాయి