జుంకోనా, జున్కోనా?

ప్రశ్న: ఎవరెస్టు ఎక్కిన తొలి మహిళ పేరు ఒకచోట జుంకో తబేయి, మరోచోట తబేయి జున్కో అని చదివాను. ఏది సరి? ఆ పేరుకు అర్థమేమిటి?

జవాబు: జపాన్‌లో ఇంటిపేరే ముందు, మన పద్ధతిలాగే. కాబట్టి అక్కడివారికి ఆమె తబేయి జుంకో. సున్నాతో రాయడమే మేలు. 'క' ముందు మన సున్నా పలికే తీరే జపనీస్ ఉచ్చారణకు దగ్గర. అయితే ఆ సున్నాను మింగేయకూడదు. జు-ం-కో, మూడూ సమానమైన మాత్రలు. 'జు'ను 'జుట్టు'లోలా కాక 'జూన్'లోలా, కాకపోతే పొట్టిగా పలకాలి.

అర్థం దగ్గరే చాలామంది పొరబడతారు. 'కో' అంటే బిడ్డ. ఆడపిల్లల పేర్ల చివర వస్తుంది. 'జుం'ను మాత్రం వేర్వేరు కాంజీలతో (జపనీస్ రాతలో వాడే చైనా మూలపు భావాక్షరాలు) రాస్తారు. స్వచ్ఛతను సూచించే కాంజీ 10 గీతలది, క్రమాన్ని సూచించేది 12 గీతలది. తబేయి గారి పేరులోది 11 గీతలది. నిష్కపటం, నిర్మలత్వం దాని భావం. 1975 మే 16న శిఖరం చేరిన ఆమెదీ, ఫ్యాషన్ డిజైనర్ కొషినో జుంకోదీ వినడానికి ఒకే పేరు. రాతలో కొషినో పుట్టినప్పటి పేరుది 'క్రమం' కాంజీ. వృత్తిలో ఆమె తన పేరును, ధ్వనిని మాత్రమే చూపే కతకానా లిపిలో రాస్తారు. అందుకే పేరు విని అర్థం చెప్పేయకండి. జుంకో అనే ఆమె ఎదురైతే 'దోనో కాంజి దెసు కా' (ఏ కాంజీ అండీ) అని అడగండి. అక్కడ అది మర్యాదైన ప్రశ్నే. కొత్త పరిచయంలో మాత్రం ఇంటిపేరుకు 'సాన్' (మన 'గారు' లాంటిది) చేర్చి పిలవాలి.