షబ్బాత్ భోజనానికి తెచ్చిన పులిహోర ఎందుకు తినలేదంటే

యూదుల ఇంట్లో షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వాళ్ల వారపు విశ్రాంతి రోజు) భోజనానికి మీరు తీసుకెళ్లిన పులిహోర ఎందుకు తినలేదని అడిగారు. లోపం మీ పులిహోరలో లేదు, అది వండిన గిన్నెలో ఉంది. "మాంసం, గుడ్డు ఏమీ లేవు కదా, అయినా పక్కన పెట్టేశారు" అన్నారు. కోషర్ (యూదుల ఆహార నియమాలు) గట్టిగా పాటించేవాళ్లు వంటింటిని కూడా చూస్తారు. ఒకప్పుడు మీరు చికెన్ వండిన గిన్నె అయితే అందులో చేసిన అన్నం కూడా వాళ్లకి పనికిరాదు. మడి గిన్నెలు వేరుగా పెట్టే అమ్మమ్మ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది.

ఈ శుక్రవారానికి:

1. కోషర్ గుర్తున్న సీల్డ్ ప్యాకెట్ కొనండి. వృత్తంలో యూ అక్షరం ఉండేది బాగా కనిపించే గుర్తు. సీల్ తీయకండి.

2. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ గుర్తు పక్కన డి అక్షరం ఉందేమో చూడండి. ఉంటే పాల పదార్థం అని. మాంసంతో పాలు కలపరు, మాంసం తిన్నాక చాలామంది 6 గంటలు ఆగుతారు. శుక్రవారం రాత్రి సాధారణంగా చికెన్ ఉంటుంది కాబట్టి పాలకోవా లాంటివి వద్దు. 'పారెవ్' అని రాసి ఉన్నది తీసుకోండి, అంటే పాలూ మాంసమూ లేనిది.

3. సూర్యాస్తమయానికి సుమారు 18 నిమిషాల ముందు కొవ్వొత్తులు వెలిగించి షబ్బాత్ మొదలుపెడతారు. పూలు తీసుకెళ్తే అంతకు ముందే ఇచ్చేయండి.

4. భోజనాల బల్ల దగ్గర ఫోన్ తీయకండి, ఫోటోలు అసలే వద్దు.