సంతకం పెట్టే ముందు ఓ సినిమా చూడు

చిరంజీవికి, బాబాయి ఆశీస్సులు.

పిల్లాడు హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో (మన కాలితో తన్నే ఆట కాదు, ఒకరినొకరు గుద్దుకునే అమెరికన్ ఆట) చేరతానంటున్నాడనీ, కోడలు ససేమిరా అంటోందనీ చెప్పావు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్ హెడ్‌క్వార్టర్స్ పక్కనే పెరుగుతూ వాడికి ఆ మోజు పుట్టకపోతేనే ఆశ్చర్యం. ఏదీ ఇప్పుడే తేల్చెయ్యకు. ముందు మీరిద్దరూ 'నార్త్ డాలస్ ఫార్టీ' చూడండి, 1979 నాటిది. వాడు పడుకున్నాక సుమా! అందులో మందూ మత్తూ బూతూ అన్నీ ఉంటాయి.

కౌబాయ్స్‌కి ఆడిన పీట్ జెంట్ నవలే దానికి మూలం. టీమ్ పేరు మార్చినా ఎవరి గురించో ఇట్టే తెలిసిపోతుంది. మ్యాచ్ సీన్ల సంగతి అలా ఉంచు, మొదటి కొన్ని నిమిషాలు చూడు. ఆటగాడి వేషం వేసిన నిక్ నోల్టీ నిద్ర లేస్తాడు. ముక్కులోంచి రక్తం. మంచం దిగడానికే తంటాలు. మాత్రలు మింగి, బీరు తాగి, కుంటుకుంటూ వెళ్ళి బాత్‌టబ్‌లో కూలబడతాడు. తర్వాత నొప్పి తెలియకుండా సూదులు పొడిపించుకుని ఆడడం. ఎవరూ మెడమీద కత్తి పెట్టరు. 'పక్కవాడు పొడిపించుకున్నాడు, మరి నువ్వో?' అన్నట్టు చూస్తారు, అంతే.

అప్పట్లో బెంగంతా మోకాళ్ళ గురించే, తలకాయ సంగతి తర్వాత బయటపడింది. పిట్స్‌బర్గ్ ఫుట్‌బాల్ టీమ్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో 50 ఏళ్ళకే పోతే, డాక్టర్ బెన్నెట్ ఒమాలు అతని మెదడులో సీటీఈ అనే జబ్బు (తలకి పదే పదే దెబ్బలు తగిలి మెదడు పాడయ్యేది) కనిపెట్టాడు. 2005లో ఆ సంగతి మీద పరిశోధన పత్రం వేస్తే, వెనక్కి తీసుకోవాలని ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) కమిటీ డాక్టర్లే పట్టుబట్టారు. ఆ కథతో 2015లో వచ్చిన 'కంకషన్' మాత్రం వాడితో కలిసి చూడు. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది గానీ లోపల మెదడు కుదుపుని ఆపలేదని అప్పుడే చెప్పు. స్పృహ తప్పే దెబ్బలే కాదు, ఏళ్ళ తరబడి తగిలే చిన్న చిన్న ఢీలూ లెక్కలోకి వస్తాయి. అలాగని ఆడిన ప్రతివాడికీ ఆ జబ్బు వస్తుందని బెదరగొట్టకు, అది నిజం కాదు.

ఆ తర్వాత కోచ్ దగ్గరికెళ్ళు. కంకషన్, అంటే దెబ్బకి మెదడు కుదుపుకు గురైందన్న అనుమానం వస్తే ఆ రోజు మళ్ళీ ఆడించకూడదనీ, డాక్టరు రాసిస్తేనే తిరిగి రానివ్వాలనీ టెక్సాస్‌లో 2011 నుంచి చట్టం ఉంది. మైదానంలోంచి తప్పించే మాట ఎవరిది, దెబ్బలు చూసే ట్రైనర్ ప్రాక్టీస్‌కి కూడా ఉంటాడా, వారంలో ఎన్నిరోజులు గుద్దుకునే ప్రాక్టీస్ అని అడుగు. నీళ్ళు నమిలితే నువ్వు సంతకం పెట్టాల్సిన ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చెయ్. గుద్దుకోకుండా, నడుముకి కట్టిన గుడ్డముక్క లాగే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉండనే ఉంది.

చివరగా వాణ్ణి ఒక్కటే అడుగు: "కీలకమైన మ్యాచ్‌లో తల తిరుగుతుంటే చెప్పి బయటికొస్తావా?" వెంటనే అవునంటే నేను నమ్మను. కాస్త ఆలోచించి చెబితే నాకు ఫోన్ చెయ్యి, మాట్లాడదాం. ఈలోగా కోడలికి ఈ ఉత్తరం చూపించకు, బాబాయి వాడి పక్షమని అలుగుతుంది.

మీ బాబాయి