రోగ్ స్నీక్ ఎటాక్‌కు దాక్కోవాల్సిన అవసరం లేదు

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాచికలు వేస్తూ కథ నడిపే ఆటలో మీది మూడో లెవెల్ రోగ్, అంటే దొంగ తరహా పాత్ర. మీ మిత్రుడి ఫైటర్ ఒక బందిపోటుతో ముఖాముఖి తలపడుతుండగా, మీరు పక్క గడిలోంచి రేపియర్ అనే సన్నని కత్తితో పొడిచారు, దెబ్బ తగిలింది. కానీ మీ గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపేవారు, "వాడు నిన్ను చూస్తూనే ఉన్నాడు కదా, అది దొంగదెబ్బ ఎలా అవుతుంది?" అని స్నీక్ ఎటాక్ పాచికలు, అంటే రోగ్ దెబ్బకు అదనపు నష్టం కలిపే పాచికలు, వేయనివ్వలేదు. అది న్యాయమేనా అన్నది మీ మొదటి సందేహం. శత్రువు పారిపోతుండగా కొట్టే దెబ్బకు కూడా ఆ పాచికలు వస్తాయా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు సూటిగా చెబుతాను. మీకు రెండు ఆరుముఖాల పాచికలు రావలసిందే. రెండోదాని సంగతి చివర్లో చెబుతాను, దానికి కాస్త వివరణ కావాలి.

తిరుపతి బైరాగిపట్టెడలో, మా మేడ మీద, మూడేళ్లుగా ఆదివారం సాయంత్రాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసుకుంటాం, ఒక్కో గడి 5 అడుగులు. మా పాత్రలకు గవ్వలు, శత్రువులకు చింతపిక్కలు. మొదటి ఏడాది ఆట నడిపింది నేనే. ఇప్పుడు మీ గేమ్ మాస్టర్ చేస్తున్న పొరపాటే అప్పుడు నేనూ చేశాను. మా బృందంలో ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి రోగ్‌గా ఆడేది. శత్రువుకు కనబడకుండా ఉంటేనే ఆ పాచికలు ఇస్తానని నేను పట్టుబట్టాను. మొదటి లెవెల్లో దాక్కోవాలంటే ఆ టర్న్‌లో, అంటే ఆ వంతులో, చేయగల యాక్షన్ మొత్తం దానికే పోతుంది. అంటే ఆమె ఒక టర్న్ దాక్కోవాలి, మరుసటి టర్న్ కొట్టాలి. చంద్రగిరి రాజమహల్‌ను మనసులో పెట్టుకుని నేను అల్లిన కోట కథలో పోరాటం మూడు గంటలు సాగింది. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు పాచికలు వేస్తుంటే, ఆమె గవ్వ స్తంభం వెనకే ఉండిపోయింది. ఆట అయ్యాక మెట్లు దిగుతూ "అన్నా, ఈ రోజంతా నేను దాక్కున్నాను తప్ప ఆడింది లేదు" అంది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ రాత్రే నియమాల్లోని ఆ పేరా తీసి పదం పదం చదివాను.

అందులో దాక్కోవాలని ఎక్కడా లేదు. శత్రువు వెనక నిలబడాలనీ లేదు. నిజానికి 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ మూల నియమాల్లో ఎవరి ముఖం ఎటు తిరిగి ఉందన్న లెక్కే లేదు. కావలసిందల్లా ఇది: మీ ఆయుధం ఫినెస్ రకంది, అంటే రేపియర్ లాగా బలానికి బదులు చురుకుతో వాడగలిగేది కావాలి, లేదా విల్లు లాంటి రేంజ్‌డ్ ఆయుధం కావాలి. ఆ పైన, కొట్టేటప్పుడు మీకు అడ్వాంటేజ్ ఉండాలి, అంటే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలుండాలి. అడ్వాంటేజ్ లేకపోతే, మీరు కొట్టే శత్రువుకు 5 అడుగుల లోపల మీ పక్షం వాడు ఒకడు స్పృహలో, పోరాడగల స్థితిలో ఉండాలి, మీకు డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవాల్సిన స్థితి) ఉండకూడదు. దాక్కోవడం అడ్వాంటేజ్ సంపాదించే దారుల్లో ఒకటి మాత్రమే. మీ ఫైటర్ పక్క గడిలో ఉన్నాడు కనుక మీరు ఆ దారి పట్టాల్సిన పనే లేదు. 2024లో సవరించిన నియమాల్లో మాటల కూర్పు మారినా ఈ విషయం మారలేదు.

మీ గేమ్ మాస్టర్‌కు ఇది కబడ్డీ ఉదాహరణతో చెప్పి చూడండి. మా వాళ్లకు అలాగే అర్థమైంది. రైడర్ ఎదురుగా ఉన్నవాడిని తాకాలని చేయి చాస్తాడు. సరిగ్గా ఆ క్షణంలో మూలన ఉన్నవాడు వంగి చీలమండ పట్టేస్తాడు. ఆ మూలవాడు ఎక్కడా దాక్కోలేదు, కోర్టులో అందరికీ కనబడుతూనే ఉన్నాడు. కానీ రైడర్ ధ్యాస ఆ ఒక్క క్షణం మరొకడి మీద ఉంది. రోగ్ బతికేది ఆ ఒక్క క్షణం మీదే.

తప్పంతా పేరుదే అనిపిస్తుంది నాకు. పాత ఎడిషన్లలో దొంగ పాత్రకు 'బ్యాక్‌స్టాబ్' ఉండేది. నిజంగానే వెనక నుంచి, శత్రువుకు తెలియకుండా పొడవాలి, అప్పుడు నష్టం రెండింతలో మూడింతలో అయ్యేది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ దాన్ని ఆరుముఖాల పాచికలుగా మార్చి స్నీక్ ఎటాక్ అని పిలిచింది. పద్ధతి మారింది కానీ పేరులో దొంగతనం మిగిలిపోయింది.

ఇన్ని పాచికలు ఇస్తే రోగ్ మరీ బలవంతుడు అయిపోతాడని నేనూ భయపడ్డాను. లెక్క వేసి చూశాక ఆ భయం పోయింది. అయిదో లెవెల్లో ఫైటర్ ఒకే టర్న్‌లో రెండుసార్లు కొడతాడు. లాంగ్‌స్వర్డ్ ఎనిమిది ముఖాల పాచిక, దాని మీద బలం 4 కలిపితే సగటున దెబ్బకు 8.5, రెండూ తగిలితే 17. రోగ్ కొట్టేది ఒక్కసారే. రేపియర్‌కు కూడా అదే 8.5, మూడు స్నీక్ ఎటాక్ పాచికలకు సగటున 10.5, మొత్తం 19. ఫైటర్‌కు ఫైటింగ్ స్టైల్ అనే అదనపు నైపుణ్యం కలిపితే అతనే ముందుంటాడు. ఆ ఒక్క దెబ్బ తప్పితే రోగ్‌కు ఆ టర్న్ మొత్తం పోయినట్టే. అంటే ఆ పాచికలు రోగ్‌కు అదనపు బహుమానం కావు, రోజు కూలి. వాటిని ఆపితే అతనికి మిగిలేది మిగతావాళ్ల కష్టంలో సగం ఫలితమే.

అయితే నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటి ఉంది, మీ గేమ్ మాస్టర్ పట్టుకోవాల్సింది దాన్నే. డిసడ్వాంటేజ్. మా బృందంలోని ఆ రోగ్ అమ్మాయి ఒకసారి 30 అడుగుల దూరంలో గోడ మీద నుంచి బాణం గురిపెట్టింది. ఆమెకు సాయం చేద్దామని మా ఫైటర్ శత్రువును తోసి నేలమీద పడేశాడు. పడి ఉన్నవాడి మీద 5 అడుగులకు మించిన దూరం నుంచి కొడితే డిసడ్వాంటేజ్ వస్తుంది. పక్కనే ఫైటర్ ఉన్నా స్నీక్ ఎటాక్ పోయింది, చేసిన సాయమే అడ్డమైంది. అదే ఆమె దగ్గరకు వచ్చి కత్తితో పొడిచి ఉంటే అడ్వాంటేజ్ వచ్చేది. అప్పటి నుంచి మేము ముందు ఆమెను బాణం వేయనిచ్చి, ఆ తర్వాతే తోస్తున్నాం. మీ ప్రక్కనే శత్రువు నిలబడి ఉండగా విల్లు వాడినా ఇదే చిక్కు. అడ్వాంటేజ్, డిసడ్వాంటేజ్ రెండూ ఒకేసారి ఉంటే అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అప్పుడు మీకు డిసడ్వాంటేజ్ లేనట్టే, కాబట్టి పక్కన మిత్రుడు ఉంటే పాచికలు వస్తాయి.

ఇక పారిపోయే శత్రువు సంగతి. నియమం చెప్పేది 'టర్న్‌కు ఒకసారి' అని, 'రౌండ్‌కు ఒకసారి' అని కాదు. రౌండ్ అంటే అందరి టర్న్‌లూ ఒక్కోసారి పూర్తవడం. చాలామంది ఈ రెండు మాటలనూ ఒకటే అనుకుంటారు. మీ టర్న్‌లో స్నీక్ ఎటాక్ వాడేశారు అనుకుందాం. తర్వాత బందిపోటు తన టర్న్‌లో మీ పక్క నుంచి తప్పుకుని పరుగెత్తాడు. మీరు రియాక్షన్‌తో, అంటే ఇతరుల టర్న్‌లో వెంటనే స్పందించే అవకాశంతో, వాడిని కొట్టవచ్చు. అది వాడి టర్న్, మీది కాదు. ఫైటర్ ఇంకా వాడి పక్కనే ఉంటే షరతు కూడా తీరింది. రౌండ్‌కు రియాక్షన్ ఒకటే ఉంటుంది కనుక ఈ రెండో అవకాశం పదేపదే రాదు. వచ్చినప్పుడు మాత్రం మీ రేపియర్ పాచికతో పాటు ఆ రెండు ఆరుముఖాల పాచికలూ చేతిలోకి తీసుకుని వేయండి.